రంగం కమ్మలూ, లంగరు పిన్నులూ

నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే లేచి నేను అలమీడా బయల్దేరుతుంటే మా ఆవిడకి ఇప్పటికీ నవ్వే. "ఆదివారం పూట అందరూ గుడికో, కాస్ట్‌కోకో వెళ్తారు. మీరు మాత్రం ఎవరివో పాత గిల్టు నగలు ఏరుకోడానికి పోతారు" అంటుంది. మాట నిజమే. నేను ఏరుకునేవి గిల్టు నగలే. అందులోనూ ఒక్క రకమే: రెండో ప్రపంచయుద్ధంలో నేవీలో చేరి ఓడలెక్కిన కుర్రాళ్ళు ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళకి కొనిచ్చినవి. వీటిని ఇక్కడ స్వీట్‌హార్ట్ జ్యూయలరీ అంటారు. తెలుగులో చెప్పాలంటే 'ప్రియురాలి నగలు' అనాలేమో, అచ్చం పాత సినిమా పేరులా ఉంటుంది. పైగా తప్పు కూడా. వీటిని పెట్టుకున్నవాళ్ళలో ప్రియురాళ్ళు ఎంతమందో తల్లులూ, భార్యలూ, అక్కచెల్లెళ్ళూ అంతమంది.

సంత జరిగేది ఒకప్పటి అలమీడా నేవీ విమానస్థావరంలో. 1997లో నేవీ దాన్ని మూసేసి వెళ్ళిపోయింది. ఇప్పుడు అక్కడ బల్లలేసుకుని పాత కుర్చీలూ, దీపాలూ, పింగాణీ పళ్ళేలూ, ఎవరి పెళ్ళివో తెలియని ఫోటోలూ అమ్ముతారు. నా పిన్నులు ఉండేది సాధారణంగా బల్ల చివర ఒక గాజు పెట్టెలోనో, బిస్కెట్ల డబ్బాలోనో. వేలెడంత లంగరు, దాని మీద యూఎస్‌ఎన్ అన్న మూడక్షరాలు. లేదా రెక్కలు విప్పిన గద్ద. లేదా రెండు చిన్న పిన్నుల మధ్య సన్నటి గొలుసు, ఒక కొసన లంగరు, రెండో కొసన అక్షరాలు. ముత్యపుచిప్ప మీద అతికించిన లంగరున్న లాకెట్లు, గుండె ఆకారంలో ఉన్నవి. నావికుడి తెల్లటోపీ ఆకారంలో ప్లాస్టిక్ పిన్నులు. అన్నీ కలిపి చూస్తే మన తిరునాళ్ళలో పూసలూ గాజులూ అమ్మే కొట్టు గుర్తొస్తుంది.

ఈ అలవాటు అమెరికాలో పుట్టింది కాదు. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలం చివరి రోజుల్లోనే సైన్యాధికారులు తమ రెజిమెంటు గుర్తుని చిన్న బ్రోచిగా చేయించి భార్యలకిచ్చేవారు. అప్పట్లో బంగారంతో, వజ్రాలతో చేయించేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి లక్షలమంది మామూలు కుర్రాళ్ళు సైన్యంలో చేరేసరికి, అవే గుర్తులు ఇత్తడిలో, ముత్యపుచిప్పలో, సెల్యులాయిడ్‌లో చవగ్గా రావడం మొదలుపెట్టాయి. అమెరికా రెండో యుద్ధంలోకి దిగాక అది పెద్ద వ్యాపారమైంది. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ గిల్టు నగలకి పెట్టింది పేరు. యుద్ధం రాగానే అక్కడి ఫ్యాక్టరీల్లో చాలావాటికి సైనికుల యూనిఫారాలకి తగిలించే బిళ్ళలు చేసే పని వచ్చింది. అసలు బిళ్ళా, దాన్ని చూసి చేసిన ఆడవాళ్ళ పిన్నూ ఒకే ఊళ్ళో తయారయ్యేవన్న మాట.

ఈ పిన్నుల్ని వెనక్కి తిప్పి చూడటం నేర్చుకుంటే సగం చరిత్ర అక్కడే తెలుస్తుంది. గిల్టు నగలకి అంతకుముందు వాడేది తగరం కలిసిన తెల్లలోహం. తగరం ఎక్కువగా వచ్చేది మలయా నుంచి, డచ్చివాళ్ళ ఇండీస్ నుంచి. 1942 మొదట్లో ఆ రెండూ జపాను చేతిలోకి పోయాయి. అమెరికా ప్రభుత్వం తగరాన్ని నగలకి వాడకూడదని ఆంక్ష పెట్టింది. రాగీ, ఇత్తడీ కూడా తుపాకిగుళ్ళకే చాలడం లేదు. మరి నగలవాళ్ళు ఏం చేయాలి? వెండి వాడారు! కోరో, ట్రిఫారీ లాంటి పేరున్న కంపెనీలు నూటికి తొంభైరెండున్నర పాళ్ళ వెండి మీద బంగారు పూత పూసి అమ్మాయి. అందుకే గిల్టు పిన్ను వెనకాల 'స్టెర్లింగ్' అన్న ముద్ర కనిపిస్తే అది 1942 తర్వాత నాలుగైదేళ్ళలో చేసినదని చాలావరకూ చెప్పొచ్చు. కరువులో చవక సరుకు కాస్తా మేలిమి సరుకైపోవడం నేను విన్నది ఇక్కడే.

అలాగని అందరికీ వెండి దొరకలేదు. చెక్క, తోలు, గవ్వ, బేకలైట్, యుద్ధవిమానాల కిటికీలకి వాడే పారదర్శకమైన ప్లాస్టిక్కు... ఏది దొరికితే దాంతో చేశారు. ఓడ మీద ఖాళీగా ఉన్న నావికులు తామే ఆకురాయి పట్టుకుని, విరిగిన ప్లాస్టిక్ ముక్కని గుండె ఆకారంలో అరగదీసి, మధ్యలో యూనిఫారం బొత్తాం పొదిగి పంపేవారు. వెండినాణేన్ని చెంచాతో చుట్టూ కొట్టి కొట్టి ఉంగరం చేసేవాళ్ళు. అవి చూడ్డానికి వంకరటింకరగా ఉంటాయి. నాకు వాటి మీదే మోజెక్కువ.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1942 జూన్ దాకా నేవీలో కొత్తగా చేరినవాడి జీతం నెలకి 21 డాలర్లు, ఆ తర్వాత 50. నగల మీద కేంద్రప్రభుత్వం 1941లో నూటికి పది చొప్పున పన్నేసింది, 1944లో దాన్ని ఇరవై చేసింది. అంటే ఇంటికి పిన్ను కొని పంపడం ఆ కుర్రాడికి మరీ తేలికైన పనేం కాదు. అయినా కొన్నారు. స్థావరాల్లోని కొట్లలో, రేవు పక్క వీధుల్లో ఇవీ, వీటితోపాటు 'అమ్మకి', 'చెల్లికి' అని పద్యాలు అచ్చేసిన శాటిన్ దిండుగలీబులూ అమ్మేవాళ్ళు.

బ్రిటిషు నేవీ పిన్నుల్లో ఇంకో విశేషం ఉంది. వాళ్ళ నావికుల టోపీ చుట్టూ నల్ల రిబ్బనుంటుంది, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఓడ పేరుంటుంది. యుద్ధం మొదలవగానే ఏ ఓడ ఎక్కడుందో శత్రువుకి తెలియకూడదని పేరు తీసేసి 'హెచ్‌ఎంఎస్' అని మాత్రం ఉంచారు. భార్యల దగ్గరున్న పిన్నుల్లో మాత్రం అంతకుముందు చేయించినవాటి మీద ఓడల పేర్లు అలాగే ఉండిపోయాయి. అలా 'హుడ్' పేరున్న పిన్నులు దొరుకుతాయి, చాలా ఖరీదుకి. 1941 మే 24న ఆ ఓడ మునిగినప్పుడు దాని మీద 1,418 మంది ఉన్నారు. బతికింది ముగ్గురు. మునిగిన ఓడ పేరున్న పిన్నుకి ధర ఎక్కువ, క్షేమంగా తిరిగొచ్చిన ఓడ పేరున్న పిన్నుకి తక్కువ. ఈ లెక్క నాకు మొదట్లో చాలా చిరాగ్గా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది, అదింకా చిరాకు.

మేముండే ఈ లోయకీ ఈ పిన్నులకీ ఉన్న చుట్టరికం కూడా ఆలస్యంగానే తెలిసింది. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అని ప్రపంచమంతా పిలిచే శాంటా క్లారా లోయ అప్పట్లో ఆల్‌బుకారా, ఆప్రికాట్ తోటల సీమ. పక్కనే సన్నీవేల్‌లో హెండీ ఇనుపపని ఫ్యాక్టరీ సరుకు మోసే లిబర్టీ ఓడలకి వందల సంఖ్యలో ఆవిరి ఇంజన్లు చేసి పంపింది. ఫ్రీవే మీంచి కనిపించే మఫెట్ ఫీల్డ్ పెద్ద హ్యాంగర్లు 1942 నుంచి నేవీ గాలిబుడగ విమానాలవి. అవి పసిఫిక్ తీరం వెంట జలాంతర్గాముల కోసం గస్తీ తిరిగేవి. ఏళ్ళ తరబడి ఆ హ్యాంగర్ల పక్కనుంచే ఆఫీసుకెళ్తూ అవేమిటని నేనెప్పుడూ అడగలేదు.

ఇంక శాన్‌ఫ్రాన్సిస్కోలో కట్టిన ఓడల్లో ఒకదాని కథ చెప్తాను. అప్పట్లో కొడుకు యుద్ధంలో ఉన్న ఇంటి కిటికీలో తెల్లగుడ్డ మీద నీలిరంగు నక్షత్రం వేలాడదీసేవారు. ఎంతమంది వెళ్తే అన్ని నక్షత్రాలు. చనిపోతే నీలం మీద బంగారురంగు వచ్చేది. అదే నక్షత్రం చిన్న పిన్నుగా తల్లుల కోటు మీదకీ వచ్చింది. ఐయోవా రాష్ట్రంలో సల్లివన్ అనే కుటుంబంలో అన్నదమ్ములు ఐదుగురూ ఒకే ఓడ మీద ఉంటామని పట్టుబట్టి జూనో అనే ఓడెక్కారు. 1942 నవంబరు 13న ఆ ఓడ సాలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది. ఐదుగురూ పోయారు. ఇంటికి కబురు మటుకు రాలేదు. ఉత్తరాలు ఆగిపోయాయి, ఊళ్ళో ఏవేవో పుకార్లు. 1943 జనవరి 12న నేవీవాళ్ళు ముగ్గురు ఇంటికొచ్చి చెప్పేదాకా, రెండు నెలలు, ఆ తల్లి కిటికీలో ఐదు నీలి నక్షత్రాలు అలాగే ఉన్నాయి. ఆ ఏప్రిల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కట్టిన కొత్త ఓడకి 'ది సల్లివన్స్' అని పేరుపెట్టి, ఆవిడ చేతే నీళ్ళలోకి దింపించారు.

ఆ రెండు నెలలే నన్ను పట్టుకున్నాయి. పిన్ను ఇస్తున్నప్పుడు ఇచ్చేవాడికి తెలుసు, తీసుకునేదానికి తెలుసు: ఇది ఎదురుచూపు గుర్తు. తిరిగొస్తే పెట్టెలో పడుతుంది. చనిపోతే రంగు మారుతుంది. కానీ ఏ సంగతీ తెలియకపోతే?

దీనికి అమెరికా ఒక చట్టం చేసుకుంది. 1942 మార్చి 7న సంతకమైంది. జాడ తెలియని సైనికుడి జీతం అతని ఇంటివాళ్ళకి అందుతూనే ఉంటుంది. పన్నెండు నెలలయ్యాక అతని ఫైలు మళ్ళీ చూసి, బతికున్నట్టు ఆధారం లేకపోతే చనిపోయినట్టు నిర్ణయిస్తారు. ఒక కాగితం వస్తుంది. కఠినంగా ఉన్నా అది కాగితం. ఆవిడ ఏడవడానికి ఒక తేదీ ఉంటుంది.

ఆ తేదీ చదివినప్పుడు నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే 1942 మార్చి 7 మా ఇంట్లో ఇంకో రకంగా ముఖ్యమైన రోజు. ఆ రోజే ఇంగ్లీషు సైన్యం రంగూన్ని వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు జపానువాళ్ళు ఊళ్ళోకొచ్చారు. మా తాతమ్మ భర్త అప్పుడు రంగూన్‌లో ఉన్నాడు.

మాది భీమిలి దగ్గర పల్లె. మా వైపు రంగూన్ అనరు, 'రంగం' అంటారు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి జనం రంగం పోయేవారు. రేవులో మూటలు దించడం, బియ్యం మిల్లులు, రిక్షాలు, సంపాన్ పడవలు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా మన దేశంవాళ్ళే, బర్మా మొత్తమ్మీద తెలుగువాళ్ళు లక్షకు పైగా ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ మనవాళ్ళని 'కోరంగీలు' అనేవారు. ఆ మాటలో గౌరవమేమీ లేదు. 1930 మేలో రేవు కూలీలైన తెలుగువాళ్ళు సమ్మె కడితే బర్మా కూలీల్ని పెట్టారు, సమ్మె తీరి వీళ్ళు వెనక్కి రాగానే గొడవలై చాలామంది చచ్చిపోయారు. అయినా వెళ్ళడం ఆగలేదు. ఇక్కడ భూమి లేదు మరి.

మా ముత్తాత రెండేళ్ళకోసారి వచ్చేవాడట. ఆఖరిసారి వచ్చినప్పుడు తాతమ్మకి ఒక జత కమ్మలు తెచ్చాడు. బంగారం కొంచెమే, మధ్యలో ఎర్రరాయి. బర్మా కెంపులకి ప్రసిద్ధి కదా, ఊళ్ళో అందరూ 'రంగం కమ్మలు' అనేవాళ్ళట. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. అక్కణ్ణుంచి నాలుగైదు లక్షలమంది మనవాళ్ళు అడవుల్లోంచి, కొండల్లోంచి అస్సాం వైపూ, అరకాన్ వైపూ నడిచారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది పోయారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. మా ముత్తాత ఆ నడకలో ఉన్నాడో, రేవులోనే పోయాడో, ఎవరికీ తెలియదు.

ఇక్కడ తీరం కూడా నెమ్మదిగా లేదు. 1942 ఏప్రిల్ 2న అమెరికా నేవీ ఓడ హోర్నెట్ పదహారు బాంబర్లని డెక్కు మీద పెట్టుకుని టోక్యో మీద దాడి కోసం శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దాటింది. ఆ బాంబర్లని ముందురోజు ఎక్కించింది నేను గిల్టు నగలు ఏరుకునే ఈ అలమీడాలోనే. సరిగ్గా నాలుగు రోజులకి, ఏప్రిల్ 6న, జపాను ఓడ ర్యూజో మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. విశాఖలో జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరిగెత్తారు. ఆనాడు పడ్డ బాంబొకటి విశాఖ మ్యూజియంలో పెట్టారు. వెళ్తే చూడండి. మా నాయనమ్మ అప్పటికి కొత్తకోడలు. పట్నం నుంచి పారిపోయి వచ్చిన చుట్టాలు పన్నెండుమందికి వారం రోజులు గంజి కాచానని చెప్పేది.

తాతమ్మ సంగతి నాయనమ్మ చెప్పగా విన్నదే. యుద్ధం అయిపోయింది. రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఊరు చేరారు. ప్రతివాణ్ణీ అడిగిందట. ఒకడు రేవులో చూశానన్నాడు, ఇంకొకడు ప్రోమ్ దారిలో చూశానన్నాడు. అప్పటి 1872 నాటి సాక్ష్యచట్టం ప్రకారం ఏడేళ్ళు మనిషి కబురు తెలియకపోతే బతికున్నాడని రుజువు చేయాల్సిన భారం ఆ మాట అన్నవాళ్ళ మీద పడేది. మా పల్లెలో ఆ చట్టం ఎవరికి తెలుసు? ఊరి పెద్దలకి తెలిసింది మాత్రం ఒకటుంది. పుస్తెలు ఉంచాలా, తీయాలా? ఏడెనిమిదేళ్ళు చూసి ఒకరోజు నలుగురూ వచ్చి అరుగు మీద కూర్చున్నారట. తాతమ్మ తలుపు దగ్గర నిలబడి ఒకటే మాటంది: "ఆడు సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారు? సెప్పినోణ్ణి తీసుకురండి, అప్పుడు తీస్తాను."

ఎవరూ తీసుకురాలేదు. ఆవిడ పుస్తెలతోనే, బొట్టుతోనే, ఆ ఎర్రరాళ్ళ కమ్మలతోనే 1966లో పోయింది. పేరంటాలకి పిలవాలా వద్దా అని ఊళ్ళోవాళ్ళకి ఇరవైనాలుగేళ్ళు ధర్మసందేహం. కొందరు పిలిచేవాళ్ళు, కొందరు ఎదురొస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు. అమెరికా తల్లికి రెండు నెలలు, అమెరికా భార్యకి పన్నెండు నెలలు. మా తాతమ్మకి ఇరవైనాలుగేళ్ళు. అదీ ఏ సర్కారూ జీతం పంపకుండా. అతను సైనికుడు కాదు, కూలీ.

ఆ కమ్మలేమయ్యాయంటారా? మా అత్త పెళ్ళికి చెరిపించేశారు. ఇందులో ఎవర్నీ అనడానికి లేదు. మన ఇళ్ళల్లో బంగారం బతికేదే అలా. తాతమ్మ కమ్మలు అత్త గొలుసులో కలుస్తాయి, ఆ గొలుసు మనవరాలి గాజుల్లో. రాళ్ళు కెంపులు కావనీ, ఎర్రటి గాజుముక్కలనీ కంసాలి తేల్చేసి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడట. గాజుముక్కలే కదా అని ఆ పొట్లాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాళ్ళు ఏమయ్యాయని మా నాన్నని అడిగితే, "ఎందుకురా ఇప్పుడు" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఈ పిన్నులు ఏరుతూ నాకు అర్థమైంది ఇదొక్కటే. ఈ లంగరు పిన్నులు ఇన్ని మిగలడానికి కారణం వాటి చవకదనమే. కరిగిస్తే పైసా రాదు, అమ్మబోతే కొనేవాడు లేడు. అందుకని బొత్తాల డబ్బాల్లో, కుట్టుపెట్టెల్లో అలా పడుండి ఎనభయ్యేళ్ళు గడిపేశాయి. మా ముత్తాత కాస్త డబ్బు తక్కువై ఇత్తడి కమ్మలు తెచ్చుంటే ఈపాటికి నా దగ్గరుండేవి.

నా దగ్గరున్నవాటిలో లంగరు లేనిది ఒక్కటే ఉంది. అలమీడాలోనే, నేవీ పిన్నులున్న డబ్బాలోనే దొరికింది. చిన్న చిన్న తెల్లటి గవ్వలతో చేసిన పువ్వు. అమ్మేవాడికి అదేమిటో తెలియదు. 1942లో జపనీయ మూలాలున్న దాదాపు లక్షా ఇరవైవేలమందిని పసిఫిక్ తీరం నుంచి తరిమి ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టారు. మా శాంటా క్లారా లోయలో తోటలు సాగుచేసినవాళ్ళలో ఎక్కువమందిని వ్యోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్‌కి పంపారు. శాన్‌హోసేలో పుట్టిన పదేళ్ళ నార్మన్ మినేటా వాళ్ళలో ఒకడు. తర్వాత ఆ ఊరికి మేయరై, కేంద్రమంత్రై, అక్కడి విమానాశ్రయానికి పేరయ్యాడు. ట్యూలీ లేక్, టోపాజ్ శిబిరాలు ఎండిపోయిన చెరువుగర్భాల్లో ఉండేవి. అక్కడి ఆడవాళ్ళు మట్టి తవ్వి గవ్వలేరి ఇలాంటి పిన్నులు చేసుకున్నారు. వాళ్ళ కొడుకుల్ని యుద్ధం పొడవునా నేవీ చేర్చుకోలేదు. ఆర్మీ చేర్చుకుంది. అందుకని ఆ ముళ్ళకంచె లోపల కూడా కొన్ని గదుల కిటికీల్లో నీలి నక్షత్రాలుండేవి. నా పెట్టెలో ఈ గవ్వల పువ్వుని లంగరు పిన్నుల పక్కనే పెట్టాను. వేరే అర పెట్టాలనిపించలేదు.

మనవాళ్ళ ఓడ పేరున్న పిన్ను ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను. రాయల్ ఇండియన్ నేవీకి గోదావరి, కిస్నా అని రెండు యుద్ధనౌకలుండేవి, కిస్నా అంటే మన కృష్ణే. దేశవిభజనలో ఓడలూ పంచుకున్నారు. కృష్ణ మనకొచ్చింది, గోదావరి పాకిస్తాన్‌కి పోయి 'సింధ్' అయింది. ఆ ఓడల పేరున్న పిన్ను నాకింతవరకూ కనపడలేదు. ఆ ఓడ మీది కుర్రాడు ఇంటికేం తీసుకెళ్ళి ఉంటాడు? చీరో, గాజులో, మహా అయితే ఒక జత కమ్మలో. అవీ చెరిపించేసే ఉంటారు.

మొన్న దొరికిన లాకెట్టు సంగతి చెప్పి ముగిస్తాను. ముత్యపుచిప్ప గుండె, మీద లంగరు. తెరిస్తే ఒక పక్క నావికుడి టోపీలో కుర్రాడి ఫోటో, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, చెవులు కాస్త పెద్దవి. రెండో పక్క ఖాళీ. బల్ల దగ్గరున్న పెద్దావిడ, "ఫోటో తీసేసి శుభ్రంగా తుడిచిమ్మంటారా? కొందరికి తెలియనివాళ్ళ ముఖాలు నచ్చవు" అంది. ఆవిడ మంచికే అంది. వద్దండీ, అలాగే ఇవ్వండి అన్నాను. ఇది ఎవరిదో తెలుసా అనడిగాను. ఒక ఇంటి సామానంతా టోకున కొన్నప్పుడు వచ్చిందనీ, అంతకుమించి తెలియదనీ చెప్పింది. వెనకాల 'స్టెర్లింగ్' ముద్ర ఉంది. కాబట్టి ఎప్పటిదో తెలుసు. లంగరుంది కాబట్టి ఏ సర్వీసో తెలుసు. అతను తిరిగొచ్చాడా లేదా అన్నది తెలియదు. ఆ ఖాళీ పక్కన ఏం పెట్టాలో నాకు తోచలేదు, ఖాళీగానే ఉంచాను.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఒకరోజు ఈ పెట్టె తీసి చూస్తూ, "వీటిలో మనవాళ్ళది ఏది నాన్నా?" అనడిగింది. ఏదీ లేదన్నాను. అందుకే ఆ రాత్రి ఒక కార్డు మీద తాతమ్మ పేరు, మా ఊరి పేరు, 'రంగం కమ్మలు, ఎర్రరాళ్ళు, 1942–1966' అని రాసి ఆ పెట్టెలో ఒక అర ఖాళీ చేసి పెట్టాను.

మీదీ ఆ తీరమే అయితే, మీ ఇంట్లో రంగం నుంచి వచ్చిన వస్తువేదైనా ఉంటే, లక్క డబ్బా అయినా, గొడుగు పిడి అయినా, గిల్టు ఊడిపోయిన ముక్కుపుడక అయినా సరే, దాన్ని ఎవరు తెచ్చారో, ఎవరు పెట్టుకున్నారో ఒక కాగితం మీద రాసి దాంతోపాటు పెట్టండి. బంగారమైతే మరీ తొందరగా రాయండి. పెళ్ళిళ్ళ సీజను రాకముందే.